ఆరు గంటల దూరం

వింకో ట్రాక్టరు గేటు దగ్గర ఆగిన చప్పుడు వినబడింది గాని, ఎప్పటిలా "కాఫీ ఉందా?" అన్న కేక రాలేదు. టిల్కా తలెత్తలేదు. దీపం కింద తేనెపట్టు ముక్క పెట్టుకుని, నిన్న గుడ్డులోంచి వచ్చిన పురుగుపిల్లని సన్నటి పుల్లతో అడుగునుంచి లేపి, మైనపు గిన్నెలోకి జారవిడుస్తోంది. పురుగు దొర్లిందా, ఆ గిన్నెలో ఇక రాణి పుట్టదు. ఊపిరి బిగబట్టి చేసే పని. వరుస పూర్తయ్యాక దానిమీద తడిగుడ్డ కప్పి అప్పుడు చూసింది.

వింకో తేనెటీగల ఇంటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. టోపీ తీయలేదు. టిల్కా మొగుడు లుద్విక్‌కి అన్న ఆయన. ఈ గుమ్మంలోకి వస్తే టోపీ తీసి చంకలో పెట్టుకోవడం ఆయనకు అలవాటు, చర్చిలోకి వచ్చినట్టు. వెనక రోడ్డుమీద బొగ్దాన్ సైకిలు ఆపి ఒక కాలు నేలమీద ఆనించి చూస్తున్నాడు.

"పోయాయి టిల్కా," అన్నాడు వింకో.

"ఏవి?"

"మస్కట్‌వి. అన్నీ."

ఫోన్ చేతికిచ్చాడు. ఫోటోలో అట్టపెట్టె మూత తీసి ఉంది. లోపల ఆమె చేతులతో పేర్చిన చిన్న ప్లాస్టిక్ పంజరాలు, ఒక్కోటి వేలంత. ఒక్కో దానిలో ఒక రాణి, ఆమెకు మేత అందించే నాలుగు తోడు ఈగలు, ఒక కొసన చక్కెరపొడిలో తేనె పోసి పిసికిన ముద్ద. సోమవారం పొద్దున వింకో వాటిని లుబ్లియానా విమానాశ్రయానికి తీసుకుపోయాడు. అవతల హమూద్ అనే తేనెటీగలవాడు ఎదురుచూస్తున్నాడు. ఇప్పుడు అన్నీ అడుగున పడి ఉన్నాయి. ఎక్కడా కదలిక లేదని ఫోటోలో కూడా తెలుస్తోంది.

"ఎంతసేపు పట్టింది?"

"ఒకటిన్నర రోజు."

"ఆరు గంటలన్నావు గదా!"

అన్నాడు. వసంతంలో, హోటల్లో, గోడమీది పటంలో లుబ్లియానా మీద వేలు పెట్టి, మస్కట్ దాకా దారం లాగి, నాలుగువేల ఆరువందల కిలోమీటర్లని తేల్చి, "ఆరు గంటలు. ఆగస్టు శనివారం రద్దీలో కారులో సముద్రానికి పోయేంతసేపు," అన్నాడు. అందరూ నవ్వారు. అప్పట్నుంచి మా ఊరు జాబ్రెగ్‌లో మస్కట్ అంటే సముద్రం పక్క ఊరైపోయింది.

"నేరుగా ఎగిరితే ఆరే. నేరుగా పోయే విమానం లేదు. మధ్యలో దించి ఇంకోదాంట్లో ఎక్కించాలి. దించినచోట రాత్రంతా ఉంచేశారు."

"ఆ దారిన పంపమన్నది ఎవరు?"

"నేనే."

టిల్కా ఫోన్ తిరిగి ఇచ్చేసింది. చెయ్యి ఏప్రన్‌కి తుడుచుకుంది.

"అయితే నువ్వే చంపావు బావా."

రోడ్డుమీదనుంచి బొగ్దాన్ అన్నాడు. "ఏం చేస్తాం అక్కా, చచ్చినవి చచ్చాయి."

"చచ్చాయి అనకు," అన్నాడు వింకో వెనక్కి తిరక్కుండానే. మా వైపు పశువు చస్తుంది. తేనెటీగ మాత్రం మనిషిలాగే పోతుంది. ఆ సమయంలో కూడా ఆయన దాన్ని దిద్దాడు. ట్రాక్టరెక్కి వెళ్లిపోయాడు. బొగ్దాన్ సైకిలు ఊళ్లోకి తిరిగింది.

ఆ పూట ఆమె మళ్లీ పుల్ల పట్టుకుంటే రెండు పురుగులు దొర్లాయి. దీపం ఆర్పేసింది. పెట్టెల ముందుకు పోయింది, వచ్చింది, గొడ్డలి అవసరం లేకపోయినా కట్టెల గదికి పోయి గొడ్డలి చూసి వచ్చింది.

మర్నాడు చక్కెర కోసం దుకాణానికి వెళ్లేసరికి బయట బెంచీమీద నలుగురు కూర్చుని ఉన్నారు. బొగ్దాన్ నిలబడి మాట్లాడుతున్నాడు. తేనెటీగల సంఘంలో అందరికంటే చిన్నవాడు, అందరికంటే ఎక్కువ పెట్టెలున్నవాడు.

"రా అక్కా. నీ మాటే చెబుతున్నా. దూరమంటే దారంతో కొలిచేదా? పావురానికి దూరం వేరు, పెట్టెకి దూరం వేరు. ఎక్కించడం, దించడం, తనిఖీ, ముద్ర. ఇవన్నీ దూరం కాదూ?"

"వాడు విమానం దిగేదాకా వేశాడు లెక్క, కస్టమ్స్ గుమాస్తా కాఫీ తాగే టైము మర్చిపోయాడు," అన్నాడు ఒక ముసలాయన. బెంచీ నవ్వింది.

"నవ్వులాట కాదు. పెట్టెమీద సంఘం పేరుంది. ఆదివారం మీటింగులో అడుగుతాను. దూరమంటే ఏంటో తెలియనివాడి దగ్గర కొండకొట్టం తాళం ఎందుకు?"

టిల్కా గుమ్మంమీద ఆగింది. "తాళమా? దానికీ దీనికీ ఏంటి సంబంధం?"

"నువ్వే గదా అన్నావు అక్కా, చంపాడని. చంపినవాడి చేతికి ఊరందరి రాణుల్నీ ఇస్తామా?"

కనుమ దగ్గర, చుట్టుపక్కల ఇంకెవరి పెట్టెలూ లేనిచోట ఉంది కొండకొట్టం. అక్కడ ఏరిన జాతి మగ ఈగలే ఉంటాయి. జూన్‌లో ఊరివాళ్లంతా కన్నెరాణుల్ని చిన్నపెట్టెల్లో పైకి పంపుతారు, అక్కడ జతకట్టి దిగొస్తాయి. పైన కాపలా ఉండేది వింకో. మంచం, కాఫీగిన్నె, దుప్పటి అక్కడే. ఏడాదిలో మిగతా నెలలన్నీ ఆయన ఆ నెల కోసమే బతికినట్టు ఉండేవాడు.

టిల్కా చక్కెర కొనకుండానే ఇంటికి వచ్చింది. సగం దారిలో గుర్తొచ్చింది గాని వెనక్కి పోలేదు.

రాత్రి భోజనంలో లుద్విక్ పుల్లటి పాలలో గోధుమజావ కలుపుకుంటూ అన్నాడు. "మా అన్న ఫోను ఎత్తడం లేదు."

"ఎందుకు ఎత్తుతాడు."

"గట్టిగా అనేశావట."

"అన్నాను. ఆరు గంటలని ఎవరు చెప్పమన్నారు?"

లుద్విక్ చెంచా నాకాడు. కోతమిల్లులో పనిచేసినవాడు, ఒక చెవి సరిగా వినబడదు, అందుకని మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ల నోటికేసి చూస్తాడు. "మరి స్టాక్‌హోమ్‌కి ఎన్నిరోజులు పట్టేది?"

"స్టాక్‌హోమా?"

"అమ్మ రాణుల్ని పంపేది గదా, పోస్టులో. నాలుగు రోజులు, ఒక్కోసారి ఐదు. బతికే చేరేవి."

"అది చలిదేశం."

"అంతేలే," అన్నాడు లుద్విక్. గిన్నె తుడుచుకు తాగి లేచాడు. ఆ మాట ఆమె దగ్గర వదిలేసి పడుకున్నాడు.

శనివారం ఎండ విపరీతంగా కాసింది. గడ్డి తిరగేయాల్సిన రోజు. టిల్కా పంగలకర్ర పట్టుకుని పొలం గట్టుదాకా వెళ్లి వెనక్కి వచ్చింది. తేనెటీగల ఇంట్లో డబ్బా మూత తీసింది. మస్కట్ పంజరాల్లో పెట్టగా మిగిలిన ముద్ద అడుగున ఉంది. ఎప్పుడూ అయితే నిరుటి తేనె, జాడీలో గడ్డకట్టిపోయినది, చాకుతో గీకి కలిపేది. మస్కట్ వాటికి మాత్రం కొత్త అకేషియా పూల తేనె తీసి కలిపింది. గ్లాసులో పోస్తే అవతలి అక్షరాలు చదవచ్చు. ఏళ్లు గడిచినా పేరుకోదు. పెళ్లిళ్లకీ, డాక్టరుకీ ఇచ్చే తేనె. ముద్ద మెత్తగా, చెవితమ్మెలా వచ్చింది. పిసుకుతుంటే చేతికే హాయి అనిపించింది ఆ రోజు.

ఒక ఖాళీ పంజరంలో ఆ ముద్ద కూరింది. ఇంకోదాంట్లో నిరుటి తేనెతో చేసిన పాత ముద్ద. రెండూ తీసుకుపోయి, పెరట్లో ఎండలో ఆపిన కారులో అద్దం వెనక పెట్టి, తలుపు వేసి గడ్డికి పోయింది.

ఒక వరుస తిరగేసి వచ్చి చూసింది. ఏమీ లేదు. సగం వరుస తిరగేసి వచ్చింది. కొత్త ముద్ద అంచు మెరుస్తోంది. మళ్లీ వెళ్లి, కర్ర గట్టుమీద పడేసి, అట్నుంచి అటే వచ్చేసింది.

"ఏంటి, కారు చుట్టూ తిరుగుతున్నావు? ఎవరికైనా అమ్ముతున్నావా?" అన్నాడు లుద్విక్ కొడవలి నూరుతూ.

ఆమె తలుపు తీసింది. లోపలి వేడి మొహానికి కొట్టింది. కొత్త ముద్ద తన గదిలోంచి కారి, రాణి ఉండే భాగమంతా నిండి, కన్నాల్లోంచి అద్దం కిందికి తీగలా సాగింది. పాత ముద్ద మీద ఆమె బొటనవేలి ముద్ర ఇంకా ఉంది.

ఫోన్‌లో, వింకో సంఘంవాళ్లందరికీ పంపిన ఫోటో తీసి రెండువేళ్లతో పెద్దది చేసింది. గురువారం ఆమె చూసింది చావునే, ఈగల్ని కాదు. ఇప్పుడు చూసింది. ఒంటిమీది నూగు తడిసి అతుక్కుపోయి నల్లగా మెరుస్తోంది. రెక్కలు ఒంటికి అంటుకున్నాయి. కాళ్లు అడుగుకి. రాణి వీపుమీద గుర్తుకి పెట్టిన రంగుచుక్క చుట్టూ పాకం. రాత్రంతా నిలిపిన చోటు చల్లటి గది అయ్యుంటుంది. అక్కడ అవి బతికే ఉంటాయి. మస్కట్‌లో దిగాక, ఆ ఎండలో, కాస్త దూరంలో ఇల్లుండగా, ఆమె పెట్టిన మేతలో మునిగిపోయాయి.

"లుద్విక్."

వచ్చి చూశాడు. వేలితో అద్దం కిందిది తీసి నోట్లో పెట్టుకున్నాడు.

"గంటలు కూడా ఎక్కువే గదా," అన్నాడు. "ఏది చంపిందో ఎవరు తేలుస్తారు?"

"నాకు తెలిసింది."

"నీకూ నాకూ. అంతే. నిబంధన తెలుసా? చేసినవాళ్ల తప్పుతో సరుకు పోతే, ఆ వేసవికి వాళ్ల పెట్టెలు కొండెక్కవు."

"తెలుసు. పెట్టింది మీ అన్నే."

"వాడే. కొండెక్కని రాణుల్ని ఎవడు కొంటాడు? ఏ ఊరి పోతుతో కలిసిందో అంటారు. ఏడాదంతా నువ్వు చేసినదంతా గాలికి."

"మీ అన్నకి తాళం పోతే?"

"వాడికి పింఛను ఉంది."

టిల్కా ఆయన మొహంలోకి చూసింది. ఆయన ఆమె నోటికేసి చూడకుండా కొడవలికేసి చూశాడు. ఆకురాయి తీసుకున్నాడు గాని నూరలేదు.

వింకో ఇంటి అరుగుమీద ఆయన భార్య పెప్ట్సా బఠానీలు ఒలుస్తోంది. రమ్మనలేదు, కూర్చోమనలేదు. వింకో పంపు దగ్గర కాఫీగిన్నె తోముతున్నాడు. దండెంమీద కొండకొట్టం దుప్పటి ఆరేసి ఉంది. అడక్కముందే దించేసుకున్నాడన్నమాట.

"బావా, గంటలు కాదు. నా ముద్ద. కరిగిపోయింది. అకేషియా తేనె వేశాను."

వింకో గిన్నె అడుగు చూసి, మళ్లీ ఇసుక తీసుకున్నాడు. "గురువారం నేను చంపానన్నావు. శనివారం నువ్వు చంపానంటున్నావు. ఆదివారానికి ఫాదరు గారిమీద పెడతావా?"

"నిజం చెబుతున్నా."

"జాలి చెబుతున్నావు. దారి నేను ఎంచాను. ఆరు గంటలని నా నోటితో నేను కూశాను. తాగి కాదు, తెలివిలో ఉండే."

"నా మాట విను."

"విన్నాను గదా. రెండు మాటలూ విన్నాను."

పెప్ట్సా బఠానీ తొక్కలు ఒళ్లోంచి దులుపుకుంది. "అన్నమాట ఊరంతా తిరిగొచ్చాక ఇప్పుడు తుడిచేస్తానంటే పోతుందా తల్లీ? మా వాకిలి కాదు తుడవాల్సింది."

టిల్కా వచ్చేసింది. ఇంటికి కాదు, మిల్లుదాకా నడిచి, అక్కణ్నుంచి చర్చిదాకా నడిచి, చర్చి తలుపు తీసి ఉన్నా లోపలికి పోకుండా ఇంటికి వచ్చింది. చీకటి పడేలోపు తన చిన్నపెట్టెల్ని ఒక్కోటి ఎత్తి బరువు చూసి, ద్వారాల్లో గడ్డి కూరి, షెడ్డు గోడ పక్కన పేర్చింది. అన్నిటిలో కన్నెరాణులు సిద్ధంగా ఉన్నాయి. ఇంత మంచి వరుస ఈమధ్య ఏ ఏడూ రాలేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక సంఘం ఫైర్‌స్టేషన్ హాల్లో కూడింది. మగవాళ్లంతా తెల్లచొక్కాల్లో ఉన్నారు, మెడలు ఎర్రగా కమిలి. వింకో తాళంచెవి తెచ్చి, ఎవరూ అడక్కుండానే, ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్లమీద పెట్టాడు. వెళ్లి వెనక వరుసలో కూర్చున్నాడు. టిల్కా రెండు పంజరాలు తెచ్చింది. మధ్యాహ్నపు ఎండ సూటిగా పడుతున్న కిటికీలో, రేకుమీద వాటిని పక్కపక్కన పెట్టి, గోడకు ఆనుకుని నిలబడింది. లుద్విక్ పక్కన కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోలేదు.

బొగ్దాన్ చక్కగా మాట్లాడాడు. వింకోని ఎక్కడా తిట్టలేదు. దూరం చెప్పాడు, విమానం ఎగిరే కాలం చెప్పాడు, నేల మీద ఆగే కాలం చెప్పాడు. ఎవరో వియన్నా నుంచి పంపాల్సింది అన్నారు. వియన్నాకి రోడ్డుమీద పోయే టైములో జాగ్రెబ్ పోయి రావచ్చని ఇంకొకరు. వాదన లుబ్లియానా వదిలేసి ఏవేవో విమానాశ్రయాలకి పోయింది. ఎప్పుడూ విమానం ఎక్కనివాళ్లే గట్టిగా మాట్లాడారు. వింకో మోకాళ్లమీద చేతులు పెట్టుకుని, చేతులకేసి చూస్తున్నాడు.

టిల్కా కిటికీకేసి చూసింది. ఇంకా కరగలేదు. గోడ వదిలి తలుపుదాకా వెళ్లింది, మళ్లీ వచ్చింది. "టిల్కా, కూర్చోమ్మా, నిన్ను చూస్తుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి," అన్నాడు బెంచీ ముసలాయన.

ఆమె పంజరాలు తీసుకొచ్చి బల్లమీద పెట్టింది.

"గంటలు చంపలేదు," అంది.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. ఒక పంజరం కన్నాల్లోంచి పాకం దిగి ఆకుపచ్చ గుడ్డమీద మెల్లగా పెద్దదవుతోంది. రెండోది అట్లాగే పొడిగా ఉంది.

"ఈ ముద్దే మస్కట్ పోయింది. ఇక్కడి కిటికీకే ఇట్లా అయింది. ఫోటో పెద్దది చేసి చూసుకోండి, ఈగలు తడిసి ఉన్నాయి. మునిగిపోయాయి."

ముసలాయన వేలు ముంచి వాసన చూశాడు. పంజరం చేతులు మారింది. వెనక వరుసకు చేరింది. వింకో కళ్లజోడు పెట్టుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు.

"అకేషియా," అన్నాడు.

"అకేషియానే. అంత దూరం పోతున్నాయి గదా, మంచిది పెడదామనుకున్నాను."

ఎవరూ నవ్వలేదు. అందరి ఇళ్లలోనూ అట్లాంటి జాడీ ఒకటి ఉంది. తామూ అదే తీసేవాళ్లమని మొహాల్లో కనబడింది.

"గురువారం నేను బావని అన్నమాట తప్పు. బొగ్దాన్ చెప్పినదంతా నా నోట్లోంచి వచ్చిందే. వాణ్ని అనకండి."

బొగ్దాన్ చెవులు ఎర్రబడ్డాయి. "అయినా ఆరు గంటలన్నాడు గదా!"

"నువ్వు కొత్త ఇల్లు రెండేళ్లలో లేపుతానన్నావు," అన్నాడు ముసలాయన. "పైకప్పు ఎక్కడుంది, మస్కట్‌లోనా?"

హాలు విరగబడి నవ్వింది. నవ్వు ఆగేలోపే చేతులు లేచాయి, బొగ్దాన్‌ది కూడా. తాళంచెవి వింకో దగ్గరే ఉండేట్టు తేలింది. ఆయన ముందుకొచ్చి దాన్ని తీసుకున్నాడు. జేబులో వేసుకోలేదు, చేతిలోనే పట్టుకున్నాడు.

"మరి నిబంధనో?" అన్నారెవరో. కోపంగా కాదు, అడగాల్సినది గనక అడిగారు.

నవ్వు మొత్తం పోయింది. లుద్విక్ ఈసారి ఎవరి నోటికేసీ చూడలేదు. చెప్పాల్సినది తాళం ఉన్నవాడు. వింకో బల్ల దగ్గర నిలబడి, గుడ్డమీది మరకకేసి చూశాడు. గొంతు సవరించుకున్నాడు, మళ్లీ సవరించుకున్నాడు. కాస్త సడలించే మాట ఏదైనా ఉందేమోనని వెతికినట్టే ఉంది గాని, ఆ మాటలు రాసినవాడు ఆయనే. సందులు లేకుండా రాశాడు.

"ఈ వేసవికి టిల్కా పెట్టెలు కొండెక్కవు," అన్నాడు.

"సరే బావా," అంది టిల్కా. అప్పుడు కూర్చుంది.

సాయంత్రం ట్రాలీ నింపారు. ప్రతి ఇంటివాళ్లూ తమ చిన్నపెట్టెలు మోసుకొచ్చారు, నీలం, పసుపు, ఎరుపు రంగులవి. టిల్కా చేతులు కట్టుకుని నిలబడలేకపోయింది. బొగ్దాన్ పెట్టెలు అందించింది, వాడు కళ్లెత్తకుండా అందుకున్నాడు. తాడు వేసేటప్పుడు ఒక కొస ఆమె పట్టుకుంది, రెండో కొస అవతలనుంచి వింకో లాగాడు.

"గట్టిగా పట్టు."

"పట్టాను."

"వదలకు."

"లాగు బావా."

ముడి పడింది. ఆయన టోపీ సర్దుకుని ఎక్కాడు. ట్రాక్టరు మెల్లగా, పెట్టెలు కుదపకుండా, మిల్లు వైపు సాగింది. మలుపు దగ్గర ఆగింది. టిల్కా కాలు తనకు తెలియకుండానే ఒక అడుగు ముందుకు పడింది. వింకో దిగాడు. ట్రాలీ వెనక్కి వచ్చి, పక్కకు ఒరిగిన ఒక పెట్టెని అరచేత్తో లోపలికి నెట్టి, తాడు బిగించి, మళ్లీ ఎక్కాడు. వెనక్కి చూడలేదు. చూసి ఉంటే ఆమెకు బాగుండేది కాదు.

పెరట్లో షెడ్డు గోడ పక్కన ఆమె పెట్టెలు నిన్న పేర్చినట్టే ఉన్నాయి, ప్రయాణానికి ద్వారాల్లో గడ్డి కూరి. లోపల సద్దు పెరిగింది. లుద్విక్ వచ్చి పక్కన నిలబడ్డాడు, చెయ్యి వేద్దామా వద్దా అన్నట్టు.

"అటు కొసనుంచి గడ్డి నువ్వు తియ్యి," అంది టిల్కా.

ఒక్కో ద్వారంలోంచి గడ్డి లాగేశారు. ఈగలు బయటికి వచ్చాయి. వచ్చినవి వెంటనే ఎగిరిపోలేదు. పెట్టె వైపు మొహం తిప్పి, గాలిలో కిందికీ మీదికీ ఊగుతూ, తమ ఇల్లు ఎక్కడుందో గుర్తుపెట్టుకుంటున్నాయి.